నాన్న గురకని పట్టించుకున్న మత్తు డాక్టరు: మా అనుభవం

నాన్నకి స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోయే జబ్బు ఉంది, అదీ బాగా ఎక్కువగానే. స్లీప్ టెస్టులో గంటకి 38 సార్లు ఊపిరి ఆగడమో తగ్గిపోవడమో జరుగుతోందని తేలింది, 30 దాటితేనే తీవ్రం అంటారు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందని ఈ మధ్య ఈ ఆసుపత్రిలో చిన్న ఆపరేషన్ చేయించాం. చేతికి తిమ్మిరి ఇంజెక్షన్, దానికి తోడు కాస్త మత్తు. నా టెన్షనంతా ఆ మత్తు గురించే. రెండేళ్ల క్రితం వేరేచోట ఎండోస్కోపీకి మత్తిస్తే ఆక్సిజన్ గబుక్కున పడిపోయి మధ్యలోనే ఆపేశారు. ఇంట్లో సీప్యాప్ (నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్క్ ద్వారా గాలి ఒత్తిడితో పంపే మెషీను) వాడతారా అని అక్కడ ఒక్కరూ అడగలేదు. అది చెప్పాల్సిన విషయమని మాకూ తెలియదు.

ఇక్కడ మత్తు డాక్టరు ముందురోజే కూర్చోబెట్టి గురక, పగటి అలసట, బీపీ అన్నీ అడిగారు, టేపు తీసి నాన్న మెడ చుట్టుకొలత కూడా చూశారు. "మీ మెషీను, మీ మాస్కే తెచ్చుకోండి, మావి మీ ముఖానికి సరిగ్గా కూర్చోకపోవచ్చు" అన్నారు. మామూలు నిద్రలో గొంతు మూసుకుపోతే మెదడే మనిషిని కదిపి లేపుతుందట, ప్రోపోఫోల్ లాంటి మత్తు మందులతో గొంతు కండరాలు ఇంకా వదులై నాలుక వెనక్కి జారడమే కాకుండా, ఆ లేపడం కూడా మందగిస్తుందట. అందుకే మత్తు తక్కువగా ఇచ్చి, తల వైపు ఎత్తిపెట్టి, మాస్క్ పెట్టే ఆపరేషన్ చేస్తామన్నారు.

నాకు బాగా నచ్చింది క్యాప్నోగ్రఫీ. బయటికొచ్చే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ని ఒక సన్న ట్యూబు పట్టుకుంటుంది, తెర మీద ఊపిరి ఊపిరికీ గీత గుట్టలా లేస్తుంది. ఆక్సిజన్ ఇస్తున్నప్పుడు ఊపిరి ఆగినా వేలి క్లిప్పులో ఆక్సిజన్ అంకె కాసేపు 98 దగ్గరే ఉండొచ్చు, గీత మాత్రం వెంటనే చదునైపోతుంది. పాతచోట వేలి క్లిప్పు తప్ప ఇంకేమీ చూసిన గుర్తులేదు నాకు.

ఆపరేషన్ సాఫీగా అయిపోయింది. ఈ ఆసుపత్రికి రేటింగులో నేను ఒక స్టార్ తగ్గించడానికి కారణం తర్వాత జరిగింది. నాన్నని రికవరీ గదికి తెచ్చి వెల్లకిలా పడుకోబెట్టారు, మెషీను థియేటర్లోనే ఉండిపోయింది. నేను పక్కనే ఉన్నాను. గురక వస్తూ వస్తూ టక్కున ఆగింది. ఆ నిశ్శబ్దం మా ఇంట్లో అందరికీ తెలుసు, పొట్ట కదులుతుంటుంది కానీ గాలి రాదు. నేను నోరు తెరిచేలోపే నర్సు వచ్చి, చెవుల కింద దవడ మూలల వెనక వేళ్లు పెట్టి దవడని ముందుకి లేపింది. బుస్సుమని ఊపిరొచ్చింది. వెంటనే పక్కకి తిప్పి, తల ఎత్తుగా పెట్టి, మెషీను తెప్పించి మాస్క్ పెట్టింది. ఆ అమ్మాయికి ఎన్ని థాంక్స్ చెప్పినా తక్కువే.

ఇంటికి పంపడానికి తొందరపడలేదు. ఆక్సిజన్ తీసేసి, ఎవరూ కదపకుండా కునుకు తీయనిచ్చి, అప్పుడు కూడా అంకె నిలబడుతోందని చూసుకున్నాకే వదిలారు. నొప్పికి పారాసెటమాల్ ఇచ్చారు, ఊపిరి మందగించే ఓపియాయిడ్ మాత్రలు రాయలేదు, మధ్యాహ్నం కునుక్కి కూడా మాస్క్ పెట్టుకోమన్నారు.

రెండో చేతికి కూడా చేయించాలి, అక్కడికే వెళ్తాం. ఈసారి స్ట్రెచర్ వెనకాలే మెషీను వస్తోందా లేదా అని తలుపు దగ్గర నేనే నిలబడి చూసుకుంటాను.