గోడ ర్యాకా, నేల ర్యాకా, ఓపెన్ ఫ్రేమా? ముందు లోతు కొలవండి

పలాసలో ఒక జీడిపప్పు యూనిట్ అనుకుందాం. 16 కెమెరాలు, వాటి రికార్డింగ్ దాచే ఎన్‌వీఆర్ ఒకటి, నెట్‌వర్క్ కేబుల్లోనే కెమెరాలకి కరెంటు కూడా పంపే 24 పోర్టుల పీఓఈ స్విచ్, రౌటర్, ఫైబర్ పెట్టె. కెమెరాలు పోను మిగతావన్నీ ఒకచోట బిగించే ఇనుప చట్రమే ర్యాకు. ఎవరైనా మొదట అడిగేది "ఎన్ని యూ తీసుకోవాలి?" అని. ఆ లెక్క తేలికే. ఒక యూ అంటే ర్యాకు ఎత్తులో 44.45 మి.మీ. కెమెరాల కేబుళ్లు వచ్చి ఆగే ప్యాచ్ ప్యానెల్‌కి 1, కేబుళ్లని సర్ది పట్టే కేబుల్ మేనేజర్‌కి 1, స్విచ్‌కి 1, ట్రేతో కలిపి ఎన్‌వీఆర్‌కి 2, రౌటర్, ఫైబర్ పెట్టె ఉండే ట్రేకి 2, ప్లగ్గుల పట్టీకి 1. మొత్తం 8 యూలు. తొమ్మిది యూల ర్యాకు కొంటే బిగించిన రోజే దాదాపు నిండిపోతుంది కాబట్టి 12యూ.

చిక్కంతా లోతులో ఉంది. సామాను బిగించే వెడల్పు మామూలుగా 19 అంగుళాలే, లోతు మాత్రం ర్యాకు ర్యాకుకీ మారుతుంది. చవగ్గా వచ్చే గోడ ర్యాకులు 400, 450 మి.మీ. స్విచ్ 300 ఉంటే, వెనక పవర్ కార్డు వంపుకి 75, ముందు ప్యాచ్ కార్డు (ప్యానెల్ నుంచి స్విచ్‌కి వేసే పొట్టి కేబుల్) వంపుకి ఇంకో 75. 450 అక్కడికే సరి. స్విచ్ ఇంకో రెండంగుళాలు పొడుగైతే అద్దం తలుపు కేబుళ్లని నొక్కితే గాని పడదు; కొన్నాళ్లకి ఆ పోర్టుల్లోనే కెమెరాలు వచ్చి పోతుంటాయి. అందుకే 600 లోతుది, అదీ తలుపులా గోడ నుంచి ఇవతలికి తెరుచుకునే డబుల్ సెక్షన్‌ది మేలు. సింగిల్ సెక్షన్‌లో వెనక వదులైన ప్లగ్గు ఒక్కటి నొక్కాలన్నా స్విచ్ మొత్తం విప్పాలి. డబుల్ సెక్షన్‌కి కీలు వైపు మీటరు కేబుల్ వదులుగా వదలాలి. "బేగి అయిపోద్ది" అని బిగువుగా లాగేస్తే, మొదటిసారి తెరిచినప్పుడే ప్యాచ్ ప్యానెల్ వెనక తీగలు ఊడొస్తాయి.

గోడ సంగతీ చూడాలి. 9 అంగుళాల ఇటుక గోడైతే నిశ్చింత: యాంకర్ ఫాస్టెనర్ ఇటుక మధ్యలో పడాలి, సందులో కాదు, ఉత్త ప్లాస్టరింగ్‌లో అసలే కాదు. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడైతే అవతలి వైపు ఇనుప పట్టీ పెట్టి బోల్టు ఆరపార దించాలి. ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీని మాత్రం ఏ ర్యాకులోనూ పెట్టొద్దు. బరువు ఒకటి, దాని ఆవిరికి కనెక్టర్లు పచ్చబారడం ఇంకొకటి.

విజయనగరంలో డయాగ్నస్టిక్ సెంటరో కాలేజీయో అయి, ర్యాక్ సర్వర్ ఒక్కటి ఉన్నా గోడ ర్యాకు మాట మరిచిపోవచ్చు. సర్వర్లు చాలావరకు 700 మి.మీ. దాటతాయి. నేల ర్యాకు 1000 లోతుది కావాలి. 800లో సర్వర్ దూరినా వెనక చెయ్యి దూరదు. బరువైన యూపీఎస్ అడుగున ఉండాలన్నది నియమం, లేకపోతే సర్వర్ ముందుకు లాగినప్పుడు ర్యాకు ఒరుగుతుంది. కానీ గదిలోకి నీళ్లొస్తే మొదట మునిగేదీ ఆ యూపీఎస్సే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తీరం దాటింది పలాస దగ్గరే, కాబట్టి ఈ మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి: ర్యాకు చక్రాలు తీసేసి, ఆరంగుళాల దిమ్మె కట్టి దానిమీద నిలబెట్టండి.

తలుపులూ పక్క రేకులూ లేని ఓపెన్ ఫ్రేము చవక, గాలి బాగా ఆడుతుంది, పని చేసుకోవడం సుళువు. తాళం వేసిన ఏసీ గదిలో అదే బాగు. కళింగపట్నం, భావనపాడు వైపు కిటికీలు తెరిచే గదుల్లో మాత్రం వద్దు. ఉప్పు గాలికి మొదట స్క్రూలు, పెయింటు గీసుకుపోయిన అంచులు తుప్పు పడతాయి. దుమ్ము, ఎలుకలు సరేసరి. మూసిన ర్యాకైనా కేబుల్ రంధ్రం తెరిచి వదిలితే వెచ్చదనానికి బల్లి వచ్చి చేరుతుంది. ఆ రంధ్రానికి కేబుల్ మాత్రమే దూరే బ్రష్ పట్టీ పెట్టించండి. పైన ఫ్యాను ఉంటే దాని జాలీ నెలకోసారి దులపాలి.

బిగించేటప్పుడు ఒక్క కొలత: ఒక యూకి మూడు చదరపు రంధ్రాలు, దగ్గరగా కనిపించే రెండు రంధ్రాల నడుమే యూ హద్దు. ఆ రంధ్రాల్లో దూర్చి స్క్రూ బిగించే కేజ్ నట్ లెక్క అక్కడినుంచి మొదలెట్టకపోతే పైన కొంత, కింద కొంత మిగిలి, 12యూలో 11 సామాన్లే పడతాయి.