కాంక్రీటు ఆయుష్షుకు మాంటీ కార్లో లెక్క: కర్నూలులో ఏళ్ల తరబడి వాడాక

కర్నూలు పాతబస్తీలో, చుట్టుపక్కల కాలనీల్లో పాత స్లాబులను పరీక్షించేటప్పుడు ఏళ్ల తరబడి మాంటీ కార్లో పద్ధతినే వాడుతున్నాను. అంటే ఒక్క సగటుతో సరిపెట్టకుండా, కొలతలను యాదృచ్ఛికంగా మారుస్తూ అదే లెక్కను వేలసార్లు చేసి చూడటం. ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఫినాల్ఫ్తలీన్ ద్రావణం, కవర్‌ను (చువ్వను కప్పి ఉన్న కాంక్రీటు మందాన్ని) కొలిచే కవర్ మీటర్, కంప్యూటర్‌లో మామూలు స్ప్రెడ్‌షీట్ ఉంటే చాలు.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోకి చొరబడి దాని క్షారగుణాన్ని హరిస్తుంది. పీహెచ్ 12.5 పైనుంచి 9 దరిదాపులకు పడిపోతే చువ్వల మీది రక్షణ పొర పోతుంది. చెక్కిన చోట ద్రావణం చల్లితే బాగున్న కాంక్రీటు గులాబీ రంగుకు తిరుగుతుంది, చెడింది తిరగదు. చెడిన లోతు కాలం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది.

అసలు చిక్కు సగటుతోనే. పాతికేళ్ల స్లాబు ఒకటి ఉందనుకోండి. చెడిన లోతు సగటున 15 మిల్లీమీటర్లు, కవర్ సగటున 25. సగటు లెక్క ప్రకారం చెడు చువ్వను చేరడానికి కట్టిన నాటి నుంచి 69 ఏళ్లు పడుతుంది. ఇంటివాళ్లు హాయిగా నిద్రపోవచ్చు. కానీ చువ్వల కింద ఎడం కోసం పెట్టే కవర్ బ్లాకులు లేకుండా పోసిన స్లాబులో కవర్ అంతటా ఒకేలా ఉండదు. ప్రామాణిక విచలనం (కొలతలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె) కవర్‌కు 8, లోతుకు 5 మిల్లీమీటర్లు అనుకుని, ఒక్కో వరుసను స్లాబులో ఒక చోటుగా తీసుకుని, యాదృచ్ఛిక సంఖ్యలతో పదివేల వరుసలు నడిపితే దాదాపు 14 శాతం చోట్ల చెడు ఇప్పటికే చువ్వను తాకింది! 49వ ఏటికి అది 35 శాతం అవుతుంది. ఇంటి యజమానికి శాతాలు చెప్పను, ఏడు చోట్లలో ఒకచోట రక్షణ పోయిందంటాను. అప్పుడు మాట వింటారు.

వంద వరుసలతో సరిపెట్టకండి. షీటు తెరిచిన ప్రతిసారీ జవాబు 10 శాతానికి, 18 శాతానికి మధ్య ఊగుతుంది, చూసేవాళ్లకు నమ్మకం పోతుంది. కవర్‌కు లాగ్‌నార్మల్ పంపిణీ (విలువలు సున్నా కంటే తగ్గని పంపిణీ) వాడితే రుణ సంఖ్యల బెడద ఉండదు.

రక్షణ పోయినంత మాత్రాన తుప్పు పట్టినట్టు కాదు. తుప్పుకు తేమ కావాలి. మన పొడి ఎండల్లో లోపలి గదుల స్లాబు క్షారం కోల్పోయి కూడా ఏళ్లకొద్దీ నిలుస్తుంది. అదే ఇంట్లో స్నానాలగది కింద, వాన తగిలే సన్‌షేడ్ అంచున పెచ్చులూడతాయి. ఈ తేడా షీటుకు తెలియదు, మనమే చెప్పాలి.

ఇంతకంటే పెద్ద లోటు మరొకటుంది. ఒక్కో వరుసకూ పక్క వరుసతో సంబంధం లేదని షీటు అనుకుంటుంది. నిజంలో ఒక తట్ట కాంక్రీటు నీరెక్కువై చెడితే దాని చుట్టుపక్కలంతా చెడుతుంది, చెడు మచ్చలు మచ్చలుగా వస్తుంది. మొత్తం శాతం సరిగానే ఉన్నా, ఆ ఏడో వంతు చెదురుమదురుగా ఉందో, ఒకే దూలం కింద పోగుపడిందో లెక్కలో కనిపించదు. దూలం కింద పోగుపడితే ప్రమాదం వేరు. అందుకే ఇప్పుడు వంటగది, స్నానాలగది, సన్‌షేడ్లు, లోపలి గదులు అని విడగొట్టి, ఒక్కోదానికి వేరుగా కొలతలు తీసి వేరుగా నడుపుతున్నాను. పని పెరిగింది. అయినా మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలో మేస్త్రీకి వేలు పెట్టి చూపించగలుగుతున్నాను.