నేను కుట్టుకున్న రైఫిల్ సంచి: నాలుగేళ్ల వాడకం తర్వాత

బోర్లా పడుకుని రైఫిల్ పేల్చేటప్పుడు ముందు భాగాన్ని బైపాడ్, అంటే రెండు కాళ్ల స్టాండ్, మోస్తుంది. వెనక భాగం, అంటే భుజానికి ఆనించే బట్, చిన్న సంచి మీద కూర్చుంటుంది. నా రైఫిల్‌లో ఈ రెండింటి మధ్య దూరం దాదాపు 75 సెంటీమీటర్లు. వెనక సంచి ఒక్క మిల్లీమీటరు కుంగిందంటే 100 మీటర్ల దగ్గర గురి 13 సెంటీమీటర్లు పైకి పోతుంది. 500 మీటర్ల దగ్గరైతే 67 సెంటీమీటర్లు. బియ్యపు గింజ మందం కూడా లేని కదలిక అది. వేలకు వేలు పోసి స్కోప్ (గురి చూసే దుర్భిణి) కొంటాం, బ్యారెల్ కొంటాం, చివరికి గురంతా ఆ సంచి చేతిలో ఉంటుంది. అందుకే నాలుగేళ్లుగా దాని వెంట పడ్డాను.

మేం ఉండేది హ్యూస్టన్‌కి పడమర వైపు. ఇంటి నుంచి గంట ప్రయాణంలో 600 గజాల రేంజ్, అంటే రైఫిల్ కాల్చే మైదానం, ఉంది. ఆఫీసులో ఒక పెద్దాయన తీసుకెళ్లి నేర్పించాడు. నెలకు రెండు శనివారాలు అక్కడే గడుపుతాను, అప్పుడప్పుడు చిన్న పోటీల్లో దిగుతాను. మొదటి సంచి ఆన్‌లైన్‌లో కొన్నాను. ఖాళీగా వస్తుంది, మనకు కావలసింది నింపుకోవాలి. నేను ఇసుక పోశాను. కంపెనీ పేరు చెప్పను. ఎనిమిదో నెలలో, పోటీ మధ్యలో, జిప్ పక్కన కుట్టు విడిపోయింది. ఇసుక చాప మీద పడితే దులుపుకోవచ్చు. నాకు మాత్రం బోల్ట్ తెరిచి ఉన్న రైఫిల్ లోపలికి పోయింది. ఆ రోజు మిగతా పోటీ వదిలేసి, కారు డిక్కీలో రైఫిల్ విప్పుకుని టూత్‌బ్రష్‌తో ఒక్కో రేణువూ తీస్తూ కూర్చున్నాను. ఆ సాయంత్రమే అనుకున్నాను, తర్వాతి సంచి నేనే కుట్టుకుంటానని.

అదృష్టం కొద్దీ అప్పుడు అమ్మ ఇక్కడే ఉంది. గుంటూరులో ముప్పై ఏళ్లు జాకెట్లు కుట్టిన చెయ్యి ఆమెది. తెగిన సంచిని తిప్పి చూసి, "కుట్టు కాదురా పోయింది, గుడ్డ అంచు పీచులు లేచి కుట్టులోంచి జారిపోయింది. అంచు లోపలికి మడిచి దాని మీద ఇంకో కుట్టు వేసుంటే ఇలా అయ్యేది కాదు" అంది. నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. కార్డురా లాంటి నైలాన్ గుడ్డని కత్తిరిస్తే అంచు ఊరికే పీచు లేస్తుంది. ఇప్పుడు కత్తిరించగానే అంచుని లైటర్ మంటకు చూపించి కరిగిస్తాను, తర్వాత మడిచి, పావు అంగుళం ఎడంగా రెండు వరసలు కుడతాను. నూలు దారం అస్సలు వద్దు, చెమటకీ తేమకీ చివికిపోతుంది. మందపాటి పాలియెస్టర్ దారం, జీన్స్‌కి వాడే 18 నంబరు సూది. మామూలు ఇంటి మిషన్ మీదే కుట్టాను. మూలల్లో నాలుగు పొరలు కలిసిన చోట మాత్రం చక్రం చేత్తో తిప్పుకోవాలి, కాలితో తొక్కితే సూది విరుగుతుంది.

కొలతలు: పొడవు 6 అంగుళాలు, వెడల్పు 4, ఎత్తు ఒక వైపు మూడున్నర, రెండో వైపు రెండున్నర. ఈ వాలు కావాలనే పెట్టాను. సంచిని ముందుకీ వెనక్కీ జరిపితే ఎత్తు మారుతుంది, మిగతాది పిడికిలి చూసుకుంటుంది. కుడిచేతి వాటం వాళ్లం ఎడమ చేత్తో సంచిని పిసికితే బట్ లేస్తుంది, గురి కిందికి దిగుతుంది. వదులు చేస్తే గురి పైకి వెళ్తుంది. వేలు ట్రిగ్గర్ మీదకు వెళ్లే ఆ రెండు మూడు సెకన్లు సంచి ఎక్కడ వదిలితే అక్కడే ఉండాలి. చెయ్యి ఆగితే సంచి ఆగాలి. మంచి సంచి, చెడ్డ సంచి అని నేను తేల్చుకునేది దీంతోనే, మిగతావన్నీ దీని తర్వాతే.

ఇక లోపల ఏం నింపాలి? ఇక్కడే నాకు రెండేళ్లు పట్టింది.

ముందు బియ్యం పోశాను, ఇంట్లో ఉన్నాయి కాబట్టి. దాదాపు 900 గ్రాములు పట్టాయి. రెండు నెలలు బాగానే ఉంది. హ్యూస్టన్ గాలి ఎంత తేమగా ఉంటుందో ఇక్కడి వాళ్లకి తెలుసు. గరాజ్‌లో పెట్టిన సంచి మెత్తబడి వాసన పట్టింది, విప్పి చూస్తే ముక్కుపురుగులు. తర్వాత ప్లాస్టిక్ గుళికలు. బొమ్మల్లో, బరువు దుప్పట్లలో నింపే రకం. తేలిక, 600 గ్రాములకు మించలేదు. తడిసినా ఏం కాదు, పురుగు పట్టదు. కానీ గుళికలు నున్నగా, గుండ్రంగా ఉంటాయి కాబట్టి పిసికి ఆపాక కూడా ఒకదాని మీంచి ఒకటి జారుతూ సర్దుకుంటాయి. స్కోప్‌ని 25 రెట్లు పెట్టి చూస్తే ఆ జారుడు కళ్లకు కనిపిస్తుంది. నా నాడి కొట్టుకోవడం కూడా కనిపించేది. ప్రతి కొట్టుకు స్కోప్‌లోని గురి గీతలు టిక్కు టిక్కుమని కదిలేవి. 100 గజాల కాగితం మీద పెద్ద తేడా లేదు. 600 గజాల దగ్గర ఉంది.

అమ్మ అప్పుడు ఒక మాట అంది. "పసిపిల్లలకి ఆవాల దిండు ఎందుకు పెడతామో తెలుసా? తల ఎటు పెడితే అటు గుంట పడుతుంది, మళ్లీ పొంగదు." నాకు వెంటనే వెలిగింది. ఇండియన్ షాపులో రెండు పౌండ్ల ఆవాల ప్యాకెట్ తెచ్చి పోశాను, 770 గ్రాములు పట్టాయి. నిజం చెప్తున్నాను, చేతికి అంత బాగా ఒదిగిన నింపుడు ఇంకోటి చూడలేదు. చిన్న గింజ, చప్పుడు లేదు, పిడికిలితో గుంట చేస్తే గుంట అలాగే నిలిచింది. ఆ సంచితో ఒక సీజన్ మొత్తం ఆడాను. రెండో ఎండాకాలం వచ్చేసరికి నూనె మక్కిన వాసన మొదలైంది, ఒక మూల ఎలుక కొరికింది. ఆవాలు తీసేశాను. ఇంట్లోనే పెట్టుకుని ఇంట్లోనే వాడేవాళ్లకైతే ఇప్పటికీ ఆవాలే చెప్తాను.

చివరికి ఇసుకకే వచ్చాను, అయితే సరైన ఇసుకకి. పిల్లలు ఆడుకునే ఇసుక తడిగా వస్తుంది, అందులో దుమ్ము ఎక్కువ. నేను వాడేది ఈతకొలను ఫిల్టర్‌లో పోసే ఇసుక. బట్టీలో ఆరబెట్టి, జల్లించి, రేణువు దాదాపు అర మిల్లీమీటరు ఉండేలా అమ్ముతారు. హార్డ్‌వేర్ షాపులో 50 పౌండ్ల బస్తా దొరుకుతుంది, ఒక్క బస్తా జీవితాంతం సరిపోతుంది. నా సంచిలో 1.7 కిలోలు పట్టింది. ఇసుక రేణువులకి అంచులు ఉంటాయి, ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి. చెయ్యి ఆగితే సంచి ఆగుతుంది. నాడి కొట్టుకోవడం దాదాపు మాయమైంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఇది సిలికా. సన్నని సిలికా దుమ్ము పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. అందుకని బయట, గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, మాస్క్ పెట్టుకుని పోస్తాను. పిల్లల్ని దగ్గరికి రానివ్వను. బరువు కోసం సీసం గుళ్లు నింపేవాళ్లు ఉన్నారు. చేత్తో పిసికే వస్తువులో, బుగ్గకి అంత దగ్గరగా సీసం వద్దు.

ఏం నింపామనేది ఎంత ముఖ్యమో, ఎంత నింపామనేదీ అంతే ముఖ్యం. కొత్తవాళ్లందరూ ఇక్కడే పొరబడతారు, నేనూ పొరబడ్డాను. సంచిని దిండులా ఉబ్బేలా నింపితే రాయి అవుతుంది. పిసికితే ఏమీ కదలదు, దాని మీద బట్ అటూ ఇటూ దొర్లుతుంది. మరీ తక్కువైతే గుప్పెట్లో గుడ్డ మాత్రమే వస్తుంది. నా పద్ధతి ఇది: నిండా పోసి, రైఫిల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని దాని కింద పెట్టి, గిద్దెడు గిద్దెడుగా తీస్తూ వస్తాను. సంచిని ఒక మూల పట్టుకుని ఎత్తితే పై నుంచి రెండు వేళ్ల మేర గుడ్డ ఖాళీగా వేలాడాలి.  నెల వాడాక గుడ్డ కొంచెం సాగుతుంది, ఇసుక కూడా అణుగుతుంది. అప్పుడు మళ్లీ ఒక పిడికెడు కలపాలి.

నింపే మూతి దగ్గర మూడుసార్లు పడగొట్టి కట్టినంత పనైంది. ఒట్టి జిప్ అయితే పళ్ల సందుల్లోంచి ఇసుక కారుతుంది. వెల్‌క్రో అయితే రేణువులు దాంట్లో ఇరుక్కుని, కొన్నాళ్లకి అతుక్కోవడం మానేస్తుంది. ఇప్పుడున్నది లోపలి సంచి, పై సంచి. లోపలిది పాత గొడుగు గుడ్డతో కుట్టాను, దానికి నాలుగు అంగుళాల పొడవు గొట్టం లాంటి మూతి. నింపాక మూతిని రెండు మెలికలు తిప్పి, మడిచి, దారంతో కట్టి లోపలికి తోసేస్తాను. బయట సంచికి మామూలు జిప్ చాలు. ఇప్పటిదాకా ఒక్క రేణువు బయటికి రాలేదు. నింపేటప్పుడు గరాటు కావాలంటే కూల్‌డ్రింక్ సీసా పైభాగం కోసుకోండి. ఇసుకైతే సాఫీగా దిగుతుంది. ప్లాస్టిక్ గుళికలైతే సీసా గోడలకీ, చేతి వెంట్రుకలకీ అతుక్కుంటాయి. డ్రయ్యర్‌లో బట్టలతో వేసే పల్చటి షీట్‌తో సీసా లోపల ఒకసారి తుడిస్తే ఆ బెడద పోతుంది.

ఇదంతా వెనక సంచి కథ. పోటీల్లో ముందు సంచి వేరే ఉంటుంది. చెక్క అడ్డం మీదో, ఇనప గేటు మీదో, ఏటవాలు కప్పు మీదో రైఫిల్ ఆనించడానికి. ఆర్మగెడ్డాన్ గేర్ వాళ్ల గేమ్ ఛేంజర్ అనే సంచి ఈ ఆటలో చాలామంది దగ్గర కనిపిస్తుంది, జీను లాగా అడ్డానికి అటో కాలు ఇటో కాలు వేసి కూర్చుంటుంది. ఆ ఆలోచన పట్టుకుని నాకు తగిన కొలతతో పెద్దది ఒకటి కుట్టాను. మోయడానికి తేలికని గుళికలు పోశాను, 1.4 కిలోలు. 90 సెకన్లలో నాలుగు చోట్లు మారుతూ పది గుళ్లు పేల్చాల్సిన చోట, గేటు మీద పెట్టిన సంచి రైఫిల్ ఎత్తగానే జారి కింద పడింది. వంగి తీసుకునేసరికి పది సెకన్లు పోయాయి. ఇసుక పోస్తే 4 కిలోలయింది. భుజం నొప్పి పుడుతుంది, కానీ పెట్టిన చోటు నుంచి కదలదు. ఇప్పుడు ఎవరడిగినా పోటీకి బరువు సంచి, అడవి దారిలో నడవాలంటే గుళికల సంచి అని చెప్తాను.

గుడ్డ సంగతి క్లుప్తంగా. పక్కలకి వేసిన 500 డెనియర్ (దారం మందాన్ని చెప్పే కొలత) కార్డురా నాలుగేళ్లుగా చెక్కు చెదరలేదు. పైన, కింద మైనం పట్టిన కాన్వాస్ వేశాను, రంగు వేసిన ఇనుము మీద కూడా జారదు. టెక్సస్ ఆగస్టులో కారులో వదిలితే మైనం మెత్తబడి చొక్కాకి మరకలు అవుతాయి. ఏడాదికోసారి మళ్లీ మైనం రుద్ది హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తాను. వెనక సంచికి కింద స్వెడ్ తోలు వేసుంటే ఇంకా బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

పోయిన సంక్రాంతికి హైదరాబాద్ వెళ్లినప్పుడు మా మేనల్లుడు తన సంచి చూపించాడు. వాడు 50 మీటర్ల మూడు భంగిమల పోటీ ఆడతాడు. అక్కడ రైఫిల్ కింద ఏ సంచీ పెట్టనివ్వరు. పెట్టుకోనిచ్చే సంచి ఒక్కటే, మోకాలి మీద కూర్చునే భంగిమలో చీలమండ కింద వేసుకునే గుండ్రటి దిండు. నిబంధనల ప్రకారం పొడవు 25 సెంటీమీటర్లు, వ్యాసం 18 సెంటీమీటర్లు దాటకూడదు. ఆకారం కోసం తాడుతో బిగించి కట్టకూడదు. "మావయ్యా, అరగంట కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతోంది" అన్నాడు. నొక్కి చూశాను, దుంగలా ఉంది. వాళ్ల అమ్మమ్మ వంటింట్లోంచి గిద్ద తెచ్చింది. ముగ్గురం మేడ మీద పేపర్ పరిచి, గిద్దెడు తీయడం, వాడు కూర్చోవడం, మళ్లీ తీయడం. నాలుగో గిద్ద దగ్గర వాడి మడమ గుంటలో కుదురుకుంది. మడమ ఆగింది, మోకాలు ఆగింది, పైన చేతిలో ఖాళీ రైఫిల్ మూతి కూడా ఆగింది.

మార్చిలో అమ్మ మళ్లీ వస్తోంది. స్వెడ్ తోలు ముక్క కొని ఉంచాను, తోలుకి వేరే సూది కావాలంటోంది.