బెండకాయ తాలింపు కోసం ఎయిర్ ఫ్రైయర్: ఏడు నెలలు వాడాక

డబ్బా మీద బొమ్మలో ఉన్నవి ఫ్రెంచ్ ఫ్రైస్, కోడి కాళ్లు. నేను దాన్ని తెరిచింది మాత్రం బెండకాయల కోసం. కొలెస్ట్రాల్ ఎక్కువుంది, నూనె తగ్గించమని డాక్టరు గారు చెప్పారు. ఆ మాట ఫోన్లో విన్న నాలుగో రోజుకే బెంగళూరులో ఉన్న మావాడు ఎయిర్ ఫ్రైయర్ పంపించాడు. నాలుగు లీటర్ల బుట్ట, 1,400 వాట్లు, 4,899 రూపాయలు. కంపెనీ పేరు రాయను, వాళ్లతో నా గొడవ ఇంకా తెగలేదు.

మాది నెల్లూరు. మా ఆవిడ బుచ్చిరెడ్డిపాలెంలో టీచరు, ఏడున్నరకల్లా బస్సెక్కాలి. నా జిరాక్సు షాపు తెరిచేది తొమ్మిదిన్నరకు. అందుకని పొద్దున వంటా క్యారియర్లూ నా పని. పప్పుచారు చేసిన రోజు పక్కన బెండకాయ తాలింపు ఉండాల్సిందే. తాలింపంటే మాకు పోపొక్కటే కాదు, వేపుడు కూరను కూడా అలాగే అంటాం.

మొదటి రోజు అర కిలో బెండకాయలు తరిగి, ఒక స్పూను నూనె కలిపి, బుట్టలో పోసి, 200 డిగ్రీలు, పదిహేను నిమిషాలు పెట్టి స్నానానికి వెళ్లాను. వచ్చి చూస్తే పైన ముక్కలు నల్లగా మాడాయి, అడుగున ముక్కలు జిగురుగా ఒకదానికొకటి అతుక్కుని ముద్దయ్యాయి. పైగా కాలిన వాసన. తల కిందులు చేసి చూస్తే రెండు సన్నటి చక్రాలు గాలికి ఎగిరి పైనున్న కాయిల్‌కి అంటుకుని బొగ్గయ్యాయి. మా అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇదేందిరా నాయనా, బెండకాయ ఒరుగులు చేశావా?" అంది.

వెక్కిరింతే అయినా ఆమె అన్నదే నిజం. ఇది వేయించే మిషన్ కాదు, ఎండబెట్టే మిషన్. పైన కాయిల్, దాని మీద ఫ్యాను, ఆ వేడి గాలి ముక్కల చుట్టూ తిరుగుతుంది, అంతే. బెండకాయలో పది వంతుల్లో తొమ్మిది వంతులు నీళ్లే. దాని జిగురు ఆ తడిలోనే సాగుతుంది. తడి పోతే తీగలు పోతాయి, ముక్క కరకరలాడుతుంది. బాండలి మీద మూత పెడితే కూర బంక అయ్యేదీ అందుకే, ఆవిరి మళ్లీ లోపలికే దిగుతుంది. బుట్ట నిండా ముక్కలు పోయడమంటే మూత పెట్టినట్టే. గాలికి దారి ఉండదు.

ఇది బుర్రకెక్కాక పద్ధతి మార్చాను. ఏసీ మార్కెట్‌కి వెళ్తే (పేరు చూసి చల్లగా ఉంటుందనుకోకండి, ఆ ఏసీ ఆనం చెంచుసుబ్బారెడ్డి గారిది, లోపల చెమటలే) వేలంత పొడవు మించని కాయలే ఏరుతాను. తోక విరిస్తే టప్పుమనాలి. వంగిందంటే ముదురు, ఎంత వేయించినా పీచే. కొట్టు ఆవిడ కసురుకుంటుంది, "అన్నీ విరిచేస్తే మిగతావి ఎవరు కొంటారయ్యా" అని. అందుకే కాస్త దొంగచాటుగా విరవాలి.

రాత్రే కాయలు కడిగి, పాత పంచె మీద పరిచి ఫ్యాను కింద వదిలేస్తాను. పొద్దున్నే పొడి కత్తి, పొడి చెక్క. చక్రాలు అర అంగుళం ఉండాలి, అంతకంటే సన్నగా కోస్తే గాలికి ఎగురుతాయి. రెండు స్పూన్ల శనక్కాయ నూనె వేసి చేత్తో బాగా పట్టిస్తాను. ఒక స్పూను కూడా చాలంటారు కానీ చాలదు, పిండి పిండిగా పొడిబారిపోతుంది. పావు కిలో మాత్రమే బుట్టలో పరిచి, 180 డిగ్రీల మీద ఎనిమిది నిమిషాలు. తీసి ఒకసారి గట్టిగా ఎగరేయాలి. అప్పటికి అంచులు ముడుచుకుని, గింజలు బయటికి కనపడుతూ, మధ్యలో ఇంకా పచ్చగా మెత్తగా ఉంటాయి. మళ్లీ ఎనిమిది నిమిషాలు, మధ్యలో ఒకసారి కదిలించాలి. ఈ విడతలో వంటింట్లో వాసన మారుతుంది. పచ్చివాసన పోయి కాల్చిన మొక్కజొన్న లాంటి వాసన వస్తుంది. అక్కడ ఆపేయాలి. బుట్ట కదిపితే ముక్కలు గలగలమంటాయి, ఎండు ఆకుల మీద నడిచినట్టు.

ఉప్పు అప్పుడే వేయాలి. ముందే వేశామంటే నీరు లాగి మళ్లీ జిగురు మొదలు.

అయితే ఇది ఇంకా తాలింపు కాలేదు. ఉత్త ముక్కలే. బాండలిలో ఒక స్పూను నూనె, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, గుప్పెడు శనక్కాయ గింజలు చిటపటమన్నాక పొయ్యి ఆపి, ముక్కలు వేసి, పైన తెల్లగడ్డ కారం చల్లి రెండుసార్లు కుదపాలి. ఈ ఒక్క పని మిషన్ చేయలేదు. కారం బుట్టలో వేశారంటే గాలికి లేచి ఇంటిల్లిపాదీ దగ్గుతారు, నేను చేసి చూశాను. అంటే ఎలాగూ బాండలి కడగాల్సిందే. "ఒకటి కడిగేవాళ్లం, ఇప్పుడు రెండు" అని మా ఆవిడ అనేది దీన్నే.

మరి లాభమేంటి? మామూలుగా బాండలిలో నాకు అయిదారు గరిటెల నూనె పట్టేది, ఇప్పుడు మూడు స్పూన్లతో అయిపోతోంది. పొయ్యి దగ్గర నిలబడి కలపక్కర్లేదు, రోహిణీకార్తెలో అది చిన్న సంగతి కాదు. ఆ పదహారు నిమిషాల్లో పప్పుచారు పని చూసుకుంటాను. కరెంటు ఒక విడతకు అర యూనిట్ కూడా కాదు. రుచి? పెళ్లిభోజనంలో జీడిపప్పుతో వేసే బెండకాయ ఫ్రై అనుకుంటే నిరాశే. దానికి కాగే నూనెలో ముంచాలి, వేరే దారి లేదు. మామూలు ఇంటి తాలింపుకి మాత్రం దగ్గరగానే ఉంది, కాకపోతే చల్లారితే గంటలో మెత్తబడుతుంది. మా ఆవిడ కారియర్లో మధ్యాహ్నానికి కరకర ఉండదు. బాండలిలో చేసినా ఉండేది కాదనుకోండి.

ఇక గొడవ సంగతి. ఆరో నెలలో బుట్ట అడుగున నల్లపూత చిన్న చిన్న పొరలుగా లేవడం మొదలైంది. ఫోన్ చేస్తే పూతకు వారంటీ వర్తించదన్నారు, కొత్త బుట్ట కావాలంటే మిషన్ చెన్నై పంపమన్నారు. అడుగంటిన మొదటి రోజు నేను స్టీలు పీచుతో గట్టిగా తోమిన మాట వాస్తవం. అది వాళ్లకు చెప్పలేదు, మీకు చెబుతున్నాను. కానీ పీచు వాడకూడదని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండొద్దా? లోపల చిన్న పుస్తకంలో, అదీ ఇంగ్లీషులో, పదకొండో పేజీలో ఉంది.

ఇంకో మాట. మొదట మిక్సీ పెట్టే చిన్న ప్లగ్గులో పెట్టాను, పది నిమిషాలకే పిన్ను వేడెక్కింది. 1,400 వాట్లంటే ఆరు ఆంపియర్లు దాటుతుంది. గీజరుకు పెట్టే పెద్ద పాయింటు వంటింట్లో లేకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ముగ్గురున్న మా ఇంటికే రెండు విడతలు పడుతోంది. ఆరుగురుంటే ఆ మధ్యలో మొదటి విడత మెత్తబడిపోతుంది, బాండలే నయం. కొంటే మాత్రం నల్లపూత బుట్ట కాకుండా స్టీలు బుట్ట దొరుకుతుందేమో అడగండి. మా అమ్మ ఆదివారాలు దాన్ని ముట్టనివ్వదు. ఆ ఒక్క పూట ఇనప బాండలి, అయిదు గరిటెల నూనె, మధ్యలో ఒక స్పూను పుల్ల మజ్జిగ చిలకరింపు. డాక్టరు గారికి ఆదివారం సెలవే కదా అంటుంది.