హాలిఫాక్స్ వెళ్తే శాక్‌విల్ ఎక్కకుండా రాకండి

కెనడాలో ఉన్న మన వాళ్లు హాలిఫాక్స్ వెళ్లొచ్చామంటే పెగ్గీస్ కోవ్ లైట్‌హౌస్ ఫొటోలే చూపిస్తారు. మేమూ వెళ్లాం. బాగుంది, గాలి మాత్రం నిలబడనివ్వలేదు. నేను రాయాలనుకున్నది ఊళ్లోనే వాటర్‌ఫ్రంట్ దగ్గర కట్టి ఉన్న చిన్న యుద్ధనౌక గురించి. పేరు హెచ్‌ఎంసీఎస్ శాక్‌విల్. రెండో ప్రపంచ యుద్ధంలో అట్లాంటిక్ దాటే సరుకు ఓడలకు కాపలాగా వెళ్లిన ఫ్లవర్ క్లాస్ కొర్వెట్లలో (చిన్న కాపలా యుద్ధనౌకల్లో) ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే.

ముందు బస సంగతి చెప్పి తీరాలి. పేరు రాయను గానీ, బుక్ చేసుకునే వాళ్లు జాగ్రత్త. ‘హార్బర్ వ్యూ’ అని రాత్రికి 239 డాలర్లు తీసుకున్నారు, పన్నులు కాక. కర్టెన్ లాగితే ఎదురుగా పార్కింగ్ బిల్డింగ్ గోడ. కిటికీ ఎడమ చివర నిలబడి మెడ చాచితే రెండు భవనాల సందులోంచి కాసిన్ని నీళ్లు కనిపిస్తాయి. అదే వ్యూ అట. పైగా లిఫ్ట్ చెడిపోయింది. మా గది మూడో అంతస్తులో, నాన్నకేమో మోకాళ్ల నొప్పులు. కింద గది ఇవ్వమంటే రాత్రికి ఇంకో 60 డాలర్లు కట్టమన్నారు. కారు పార్కింగ్ రోజుకి 38 డాలర్లు, ఆ మాట బుకింగ్‌లో ఎక్కడా లేదు. డిపాజిట్ కింద కార్డు మీద ఆపిపెట్టిన 250 డాలర్ల హోల్డ్ వదలడానికి రెండు వారాలు తిప్పించుకున్నారు. మా ఆయన కౌంటర్ దగ్గర వాదిస్తుంటే నాన్న మెట్ల మీద కూలబడి, “పోనీలే బాబూ, ఎక్కేస్తాను” అంటున్నారు. వైజాగ్ నుంచి అంత దూరం వచ్చిన మనిషి చేత అలా అనిపించారని నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. ఆ రాత్రి ఎవరం సరిగ్గా తినలేదు.

వ్యూ పేరు చెప్పి అడిగితే ఒక్క డాలర్ కూడా ఎక్కువ పెట్టకండి. సముద్రం పక్కన బోర్డ్‌వాక్ దాదాపు నాలుగు కిలోమీటర్లుంది, నడవడానికి డబ్బులక్కర్లేదు. అవతలి ఒడ్డున ఉన్న డార్ట్‌మౌత్‌కి వెళ్లే ఫెర్రీ ఎక్కితే కొద్ది డాలర్లతోనే హార్బర్ చూడొచ్చు.

మర్నాడు పొద్దున నాన్న ముభావంగానే బయలుదేరారు. ఆయన నేవల్ డాక్‌యార్డ్‌లో పనిచేసి రిటైరయ్యారు, ఓడలు కొత్త కాదు. తెలుపు, లేత నీలం, లేత ఆకుపచ్చ పట్టీలు వేసిన శాక్‌విల్‌ని చూడగానే ఆగిపోయి, “ఏటమ్మా, ఇంతేనా? మన కుర్సుర 91 మీటర్లు, ఇది 62 ఉంటే గొప్ప. దీంతోటా సబ్‌మెరీన్ల వెంట పడ్డారు?” అన్నారు. ఆర్‌కే బీచ్‌లో కుర్సుర సబ్‌మెరీన్ లోపల తిరిగిన వాళ్లెవరికైనా ఆ మాటే తోస్తుంది. డెక్ మీదున్న పెద్దాయన వాలంటీర్. నాన్న అడిగింది నేను ఇంగ్లిష్‌లో చెప్పగానే ఆయన మా వెంటే ఉండిపోయారు.

తిమింగలాలను వేటాడే ఓడల నమూనాలోంచి ఈ కొర్వెట్లు పుట్టాయట. చిన్న షిప్‌యార్డుల్లో కూడా త్వరగా కట్టగలిగేలా తయారుచేశారు. శాక్‌విల్‌ని సెయింట్ జాన్‌లో కట్టి, 1941 చివర్లో నేవీలో చేర్చుకున్నారు. గరిష్ఠ వేగం 16 నాట్లు, అంటే గంటకు దాదాపు 30 కిలోమీటర్లు. యూ-బోట్, అంటే జర్మన్ సబ్‌మెరీన్, నీటి పైకి వస్తే 17 నాట్లతో పోగలదు. అంటే తరుముకుంటూ పోతే అందదు. కాన్వాయ్‌ని, అంటే సరుకు ఓడల గుంపుని, అంటిపెట్టుకుని ఉండి, దగ్గరికొచ్చిన దాన్ని శబ్దంతో వెతికే సోనార్‌తో పట్టుకుని, నీటి లోపల పేలే డెప్త్ చార్జ్‌లు వదలాలి.

1942 ఆగస్టులో ఓఎన్ 115 కాన్వాయ్‌కి కాపలాగా వెళ్లినప్పుడు అలన్ ఈస్టన్ దీని కెప్టెన్. కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ దగ్గర పొగమంచులో ఒక రోజు వ్యవధిలోనే యూ-బోట్లతో మళ్లీ మళ్లీ తలపడ్డారు. యూ-43ని డెప్త్ చార్జ్‌లతో దెబ్బతీశారు, యూ-552కి నాలుగంగుళాల తుపాకీ గుండు తగిలింది. రెండూ తప్పించుకుని ఇల్లు చేరాయి. అయినా అవి ఆ కాన్వాయ్ జోలికి మళ్లీ రాలేకపోయాయి, కాపలా ఓడకి కావలసింది అదే. 1943 సెప్టెంబరులో శాక్‌విల్ ఉన్న దళంలోనే సెయింట్ క్రోయ్ అనే యుద్ధనౌక మునిగిపోయింది. నీళ్లలోంచి తీసిన ఆ నావికులను ఎక్కించుకున్న ఇచెన్ అనే ఓడ కూడా రెండు రోజులకే మునిగింది. సెయింట్ క్రోయ్ వాళ్లలో చివరికి బతికింది ఒక్కరే. వాలంటీర్ ఇది చెబుతుంటే అమ్మ ఏమీ అర్థం కాకపోయినా నా చెయ్యి పట్టుకుంది. తెలుగులో చెప్పాక కాసేపు మాట్లాడలేదు.

కింద నావికులు తిని పడుకునే మెస్ డెక్ తప్పకుండా చూడండి. బల్లల మీదే భోజనం, వాటి పైనే హ్యామక్‌లు (వేలాడే గుడ్డ పడకలు). చెయ్యెత్తితే పైపులు తగులుతాయి. ఓడలో 80 మందికి పైగా ఉండేవారు. సముద్రంలోకి వెళ్లిన కొద్ది రోజులకే బ్రెడ్ బూజు పట్టేది, తర్వాత గట్టి బిస్కెట్లే గతి. కాపలా ముగించుకుని తడి బట్టలతో వచ్చి, తడి హ్యామక్‌లో పడుకునేవారు. ఓడని నడిపించే చోటు, అంటే బ్రిడ్జికి, పైకప్పు లేదు. చలికాలం డెక్ మీద పేరుకున్న మంచుగడ్డను పగలగొట్టకపోతే ఆ బరువుకి ఓడ తిరగబడే ప్రమాదం ఉండేదట.

నాన్న మాత్రం బాయిలర్ దగ్గరే ఆగిపోయారు. 1944లో బాయిలర్ చెడిపోవడం వల్లే శాక్‌విల్ కాన్వాయ్ పని ఆగిపోయిందని వినగానే ప్రశ్నల వర్షం కురిపించారు. వాలంటీర్‌కి తెలుగు రాదు, నాన్నకి ఇంగ్లిష్ అంతంతమాత్రం. స్టీమ్, ప్రెషర్, ట్యూబ్, ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ అనుకుంటూ చేతులతోనే సంగతంతా నడిపించారు. నన్ను అనువాదం కూడా చేయనివ్వలేదు. రాత్రి మెట్ల మీద కూలబడిన మనిషి ఈయనేనా అనిపించింది.

లోపలి మెట్లు నిటారుగా ఉంటాయి. నాన్న పట్టుబట్టి దిగారు గానీ పెద్దవాళ్లను తొందరపెట్టకండి. నలుగురి టికెట్లకి అయింది ఆ హోటల్లో ఒక రోజు పార్కింగ్ కంటే తక్కువే. చలికాలంలో ఓడని డాక్‌యార్డ్‌కి తీసుకెళ్లిపోతారు కాబట్టి వేసవిలోనే వెళ్లాలి. క్రూయిజ్ షిప్ వచ్చిన రోజు వాటర్‌ఫ్రంట్ కిటకిటలాడుతుంది, పొద్దున్నే వెళ్తే వాలంటీర్లతో తీరిగ్గా మాట్లాడొచ్చు.

మధ్యాహ్నం బోర్డ్‌వాక్ మీద ఫిష్ అండ్ చిప్స్ తిన్నాం, ప్లేటు 21 డాలర్లు. చేప తాజాగా ఉంది, కారం లేదని అమ్మ పెదవి విరిచింది. నాన్న ప్లేటు ఖాళీ చేసి మా ఆయనది కూడా కొంత లాక్కున్నారు. శాక్‌విల్‌కి కనీసం రెండు గంటలు కేటాయించండి. ఆ తర్వాత కారు ఉంటే పాయింట్ ప్లెజెంట్ పార్క్‌లో ఉన్న పెద్ద శిలువ స్మారకానికి వెళ్లండి, సముద్రంలోనే ఉండిపోయిన మూడు వేల మందికి పైగా పేర్లు అక్కడ చెక్కి ఉంటాయి. ఇక హోటల్ బుక్ చేసే ముందు ఫోన్ చేసి లిఫ్ట్ పనిచేస్తోందా, పార్కింగ్ ఎంత అని రెండూ అడగండి, జవాబు ఈమెయిల్‌లో రాయించుకోండి.