ఆళ్వారుపేటలో పెంకుల ప్రదర్శన: చూడదగినదే, లేబుళ్ళే సరిచూసుకోవాలి

చెన్నై ఆళ్వారుపేటలో ఒక పాత మేడ పై అంతస్తులో నడిచే చిన్న గ్యాలరీలో, మూతపడిన పింగాణీ కార్ఖానాల పరిసరాల్లో తవ్వి తీసిన పగిలిన సామాను పెంకులతో కూర్చిన ప్రదర్శనను గత ఆదివారం చూశాను. టికెట్టు 300 రూపాయలు. గైడు వెంట తిరగాలంటే మరో 200. నాతో మా పెదనాన్నగారు వచ్చారు. ఆయన గూడూరులో పుట్టి, రాణిపేట వైపు ఒక కార్ఖానాలో అచ్చుల విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటున్నారు. ఆయన రాకపోయి ఉంటే నేను చూసింది సగమే అయ్యేది.

ప్రదర్శనలో ముఖ్యమైనది గది మధ్యనున్న గుంట. పురావస్తు తవ్వకాల్లో లాగే దారాలు కట్టి చదరాలుగా విభజించి, పక్కగోడలో పొరలు కనిపించేలా మట్టి నింపారు. అడుగున సారె మీద చేసిన ఎర్రకుండల పెంకులు, వాటి మీద మురుగు గొట్టాల ముక్కలు, ఆపైన ఊరగాయ జాడీల అంచులు, అన్నిటికీ పైన తెల్లటి సింకుల తునకలు ఉన్నాయి. జాడీ అంచు కింద వాసెన గుడ్డను తాడుతో బిగించే గాడి చూడగానే మా అమ్మమ్మగారి వంటింటి అటక గుర్తుకొచ్చింది. మన ఇళ్ళలో ఆవకాయకు తప్ప మరి దేనికీ తీయని ఆ జాడీ కూడా కార్ఖానా సరుకేనన్న సంగతి నాకు ఇంతవరకు తట్టలేదు.

గోడమీది పరిచయంలో రెండు ఊర్ల ప్రస్తావన ఉంది. మొదటిది పుదుచ్చేరి పక్కనున్న అరికమేడు. 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వించినప్పుడు ఇటలీలోని అరెజ్జో నుంచి వచ్చిన ఎర్రటి పాత్రల పెంకులు దొరికాయి. వాటి కాలం ముందే తెలుసు కాబట్టి, వాటితో పాటు అదే పొరలో దొరికిన మన పెంకుల కాలమూ తేలింది. రెండవది పింగాణీ పనికి పేరున్న ఇంగ్లండులోని స్టోక్-ఆన్-ట్రెంట్. 1759లో జోసయ్య వెడ్జ్‌వుడ్ అనే కుమ్మరి సొంత వ్యాపారం మొదలుపెట్టింది ఆ ప్రాంతంలోనే. ఒకప్పుడు అక్కడ దాదాపు 2,000 సీసా ఆకారపు బట్టీలుండగా నేడు మిగిలినవి యాభై లోపే. ఆ వెడ్జ్‌వుడ్ కంపెనీలోనే కుర్రతనంలో పని నేర్చుకున్న నీల్ బ్రౌన్స్‌వర్డ్ అనే కళాకారుడు కార్ఖానాలు పారేసిన తుక్కునే తన ముడిసరుకుగా చేసుకున్నాడు. ఒక ప్రదర్శనలోనైతే పింగాణీ పూలు చేయడంలో ఆరితేరిన ఒక కార్మికురాలి చేత అందరి ఎదుటా పూలు చేయించి, చేసినవాటిని చేసినట్టే పారవేయించాడు. ఆళ్వారుపేట కళాకారులు ఆ దారినే పట్టారనేది స్పష్టం, అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం కిటికీ పక్కనున్న గాజు పళ్ళెం. అందులో వేలెడు పొడవున, వంకర తిరిగిన సన్నని మట్టి చెక్కుళ్ళు గుట్టగా పోసి ఉన్నాయి. పెదనాన్నగారు చూడగానే నవ్వారు. ప్లాస్టరు అచ్చులో మట్టి ద్రావణం పోస్తే అచ్చు నీటిని పీల్చుకుంటుంది, గోడకు మట్టి పేరుకుంటుంది; చాలినంత మందం కట్టాక మిగిలిన ద్రావణం వంచేసి, కాసేపు ఆరనిచ్చి అచ్చు విప్పితే అచ్చు భాగాలు కలిసిన చోట గీత మిగులుతుంది. ఆ గీతను కత్తితో చెక్కి, స్పాంజితో తుడవడమే ఆయన ముప్పై ఏళ్ళ పని. “ఈ చెక్కుడు కుడిచేతి వాటం వాడిది. కొంచెం తొందరమనిషి కూడా,” అన్నారు, ఒక ముక్కను చూపించి.

ఇక్కడే నా ఫిర్యాదు. అరెజ్జో పాత్రల అడుగున తయారీశాల యజమాని పేరు ముద్రగా ఉంటుంది. రెండు వేల ఏళ్ళ తరవాత కూడా అది చదవగలుగుతున్నాం. ఈ గదిలోని ప్రతి లేబులు మీదా కళాకారుడి పేరు, మట్టి రకం, కొలతలు ఉన్నాయి గానీ, ఆ సింకును పోసినవాడు, ఆ జాడీకి పూత వేసినామె ఎవరో ఒక్కచోటా లేదు. నలభై ఏళ్ళ కిందటి పనివాళ్ళలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు, అడిగితే చెప్తారు. పైగా ఒక మురుగు గొట్టం ముక్క కింద “గ్లేజు పూసినది” అని రాశారు. దాని ఒంటిమీద నారింజ తొక్కలాంటి గరుకుతనం ఉందని, బట్టీ బాగా కాగిన సమయంలో ఉప్పు చల్లితే ఆవిరి మట్టిలోని ఇసుకతో కలిసి తానే గాజుపొరగా మారుతుందని, దాన్ని ఎవరూ పూయరని పెదనాన్నగారు గైడుకు వివరించారు. ఆ అమ్మాయి తమిళంలో శ్రద్ధగా రాసుకుంది, అది మెచ్చుకోదగిన విషయం.

మిగతావి క్లుప్తంగా. లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి. గంటన్నర నిలబడే ప్రదర్శనకు ఒక్క బల్లైనా వేయకపోవడం పెద్దవాళ్ళకు శిక్షే. కింద అమ్మే జాడీలకు 2,800 రూపాయలంటే నాకు నోట మాట రాలేదు. కేటలాగు అక్షరాలు చీమలంత ఉన్నాయి, కొనలేదు.

వెళ్ళదలచినవారు సాయంత్రం నాలుగు తరవాత వెళ్ళండి. గాజు పళ్ళెం ఉన్న కిటికీ పడమటి వైపుది. ఆ వెలుతురు వాలుగా పడితేనే చెక్కుళ్ళ మీది కత్తి గాట్లు కనిపిస్తాయి.