కాగితాలున్న ఏనుగు దంతం అమ్ముతామంటారు, నమ్మకండి

గడ్డం గీసే పాతకాలపు మడత కత్తులు సేకరించి బాగుచేసుకునే పిచ్చి ఉన్నవారు హైదరాబాద్‌లో కొద్దిమందే ఉంటారు. ఆ కొద్దిమంది కోసమే ఇది రాస్తున్నాను. గత నెల పాతబస్తీలో ఒక వ్యాపారి చేతిలో, కత్తి పిడికి ఏనుగు దంతం కొనబోయి, పదకొండు వేల రూపాయలు పోగొట్టుకున్నాను. పోయిన డబ్బు కంటే, ఆ సరుకు అసలుదే అయివుంటే నా గతి ఏమయ్యేదో తలచుకుంటేనే ఎక్కువ భయమేస్తోంది.

ఇంగ్లండులో ఉక్కు కత్తులకు పేరుపడ్డ షెఫీల్డ్ ఊళ్లో చేసిన మా తాతగారి కత్తి నా దగ్గరుంది. ఉక్కు నిక్షేపంలా ఉంది కానీ పిడి పలకల్లో ఒకటి నిలువునా చీలింది. పలక అంటే సుమారు ఆరంగుళాల పొడవు, మూడు మిల్లీమీటర్ల మందం. అలాంటివి రెండు కావాలి. ఆ రోజుల్లో ఖరీదైన కత్తులకు దంతపు పిడి ఉండేది కదా, తాతగారి కత్తికీ అదే వేయించాలని పట్టుబట్టాను. జుమ్మేరాత్ బజార్‌లో వాకబు చేస్తే ఒకాయన మరొకరి దగ్గరికి పంపాడు. కొట్టు వెనుక మెట్లెక్కి వెళ్తే చిన్న గది. పాత ఉర్దూ పత్రికలో చుట్టిన రెండు జతల పలకలు తీసి నా ముందు పెట్టాడు.

“నిషేధానికి ముందటి సరుకు సార్. విశాఖపట్నం పాత పెట్టెల నుంచి తీసింది. కాగితం కూడా ఉంది, మీకే భయమూ వద్దు” అన్నాడు.

విశాఖ పేరు వినగానే నేను పడిపోయాను. ఈస్టిండియా కంపెనీ కాలంలో అక్కడి పనివారు చందనపు పెట్టెలకు దంతం తాపి, నల్లటి లక్కతో లతలు దిద్దేవారు. అయితే ఆ పెట్టెలకు అతికించేది పల్చటి రేకులు. వాటిలోంచి ఇంత మందమైన, ఇంత నిడుపాటి పలకలు ఎలా వచ్చాయని నాకు తట్టలేదు. తట్టినా అడిగేవాణ్ని కాదేమో, అంతగా మనసు పడ్డాను. ఆ కాగితం కూడా లామినేషన్ చేసిన జిరాక్సు కాపీ. అటవీ శాఖ యాజమాన్య ధ్రువపత్రం, ఎవరిదో పేరు, ‘దంతాలు ఒక జత’ అని రాసి ఉంది. నగదు తప్ప తీసుకోనన్నాడు. రసీదు అడిగితే నవ్వాడు.

ఇంటికొచ్చి భూతద్దం పట్టుకున్నాను. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోస్తే, కోసిన ముఖం మీద వంపు గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ వల అల్లినట్టు కనిపిస్తాయి. నా మొదటి జతలో వల లేదు. పొడవునా రూళ్లకర్రతో గీసినట్టు సమాన దూరంలో సన్నని చారలున్నాయి. అంచును ఉప్పు కాగితంతో నాలుగుసార్లు రుద్దానో లేదో, గదంతా కర్పూరం వాసన! అంటే అది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్, దాని తయారీలో కర్పూరం కలుపుతారు. చవక సంగతి అటుంచితే, సెల్యులాయిడ్ పాతబడేకొద్దీ దానిలోంచి వచ్చే ఆవిరికి కత్తి అలుగు తుప్పు పట్టి గుంటలు పడుతుంది. తాతగారి కత్తికి ఆ గతి పట్టించబోయాను. రెండో జతలో సన్నని నల్ల చుక్కలు, చిన్న చిన్న గీతలు కనిపించాయి. బతికున్నప్పుడు రక్తనాళాలు నడిచిన దారులవి, అంటే అది ఉత్త ఎముక.

ఫోను చేశాను. ఆయన గొంతులో తడబాటు లేదు. “ఫిర్యాదు చేయండి సార్. ఏమని చేస్తారు, ఏనుగు దంతం కొనబోయానని చెబుతారా?” అన్నాడు. ఈ వ్యాపారమంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తోంది. అంతటితో ఆగక, “పోనీ మామత్ దంతం ఇప్పించమంటారా? ఎప్పుడో అంతరించిన జంతువు, దానికి చట్టమెక్కడిది!” అని ఇంకో వల విసిరాడు.

తెలిసిన న్యాయవాదిని కలిస్తే విషయం పూర్తిగా అర్థమైంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 1986లో సవరించి మన ఏనుగు దంతం వ్యాపారాన్ని ఆపేశారు. 1991లో ఆఫ్రికా ఏనుగు దంతాన్నీ చేర్చారు. నిషేధానికి ముందు కొన్న సరుకు మా దగ్గర మిగిలిపోయింది, అమ్ముకోనివ్వండని వ్యాపారులు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2003లో వారికి చుక్కెదురైంది. మామత్ సంగతీ అదే కోర్టు అదే ఏడాది తేల్చింది: దంతం ఏదైనా నిషేధం నిషేధమే. ఇక ఆ ధ్రువపత్రం, పేరున్న మనిషి దంతాన్ని తన దగ్గర ఉంచుకోవడానికి మాత్రమే. వారసులకు వెళ్లవచ్చు గాని అమ్మడానికి వీల్లేదు. కాబట్టి ఆ కాగితం అసలుదైనా నాకు పనికిరాదు. అమ్మేవాడికే కాదు, కొన్నవాడికీ మూడు నుంచి ఏడేళ్ల జైలు పడవచ్చు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మామత్ పిడి చట్టబద్ధంగా దొరుకుతుందని చదివి తెప్పించుకుందామనుకునేవారు ఉన్నారు. ఇక్కడ అది చెల్లదు. కత్తి పిడికని జింక కొమ్ము చూపిస్తే దానికీ దూరంగా ఉండండి, అదీ ఈ చట్టం కిందికే వస్తుంది.

చివరికి నేను గేదె కొమ్ముతో పిడి వేశాను. నల్లగా, వెలుతురు పడితే లోపల తేనె రంగు చారలతో, నేను అనుకున్నదానికంటే అందంగా కుదిరింది. తడి తగిలితే వంకర పోతుంది కాబట్టి అప్పుడప్పుడు నూనె రాయాలి, అంతే. దంతం మీద ముచ్చట మరీ ఎక్కువైతే సాలార్‌జంగ్ మ్యూజియంలో దంతపు కుర్చీలున్నాయి. ఫ్రాన్సు రాజు పదహారో లూయీ టిప్పు సుల్తానుకు పంపాడని చెబుతారు. అద్దం ఇవతలి నుంచి తృప్తిగా చూసి రండి.

నా దగ్గర మిగిలిన ఎముక పలకల జతను, పిడికి రంధ్రాలు వేయడం కొత్తగా నేర్చుకునేవారికి ఉచితంగా ఇస్తాను. కర్పూరం వాసన వచ్చేవి మాత్రం ఎవరికీ ఇవ్వను. అగ్గి తగిలితే భగ్గుమంటాయి, అందుకే రేకు డబ్బాలో పెట్టి బాల్కనీలో ఉంచాను.